క్యాస్ట్రో మరణము : విలపించినవారును, వేడుక చేసినవారును

2016 వ సంవత్సరము నవంబరు 25 వ తేది రాత్రి 10 గంటల 29 నిమిషములకు క్యూబా రాజధానియగు హవానా నగరమున ఫిడెల్ క్యాస్ట్రో మరణించెను. అప్పటి కాతని వయస్సు 90 సంవత్సరములు. అర్ధరాత్రము సమీపించిన వేళ ఆతని తమ్ముడును, నాటి దేశాధ్యక్షుడును అగు రావుల్ క్యాస్ట్రో టెలివిజనునందు కనిపించి, వణకుచున్న కంఠముతో కొలది మాటలలో ఈ వార్తను దేశమునకు వినిపించెను. గంట తిరుగకముందే సముద్రమున కావలి యొడ్డున, అమెరికాలోని ఫ్లారిడా రాష్ట్రమునకు చెందిన మయామీ పట్టణమున, వేలకొలది జనులు వీధులలోనికి వచ్చిరి. వారు దుఃఖింప వచ్చినవారు కారు. వంటయిండ్లలోని గిన్నెలను, మూకుళ్ళను గరిటెలతో మ్రోయించుచు, కార్ల హారనులు మోగించుచు, క్యూబా పతాకములను భుజములపై కప్పుకొని, తెల్లవారువరకు వారు నాట్యమాడిరి. వారిలో నడువలేని వృద్ధులను చక్రములకుర్చీలలో కూర్చుండబెట్టి తెచ్చినవారును ఉండిరి.

క్యూబాకును, ఫ్లారిడా కొనయందలి కీ వెస్టు ద్వీపమునకును నడుమ గలది తొంబది మైళ్ళ నీరు మాత్రమే. ఒకే జాతివారు, ఒకే భాష మాటలాడువారు, పెక్కు సందర్భములలో ఒకే తల్లి బిడ్డలు, ఆ నీటి కిరువైపుల నిలిచి, ఒకే మరణమునకు ఒకరు కన్నీరు విడుచుటయు, ఒకరు పానపాత్రల నెత్తుటయు చరిత్రమున తఱచుగా కానవచ్చు దృశ్యము కాదు. ఆ వారము మన దేశపు పత్రికలలో పెక్కింటికి ఈ దృశ్యమున సగమే కనబడినది. కొన్నిటికి హవానాలోని కన్నీరు మాత్రమే కనబడగా, కొన్నిటికి మయామీలోని గిన్నెల చప్పుడు మాత్రమే వినబడెను. రెండును నిజమైనవే. ఆ రెంటికిని కారణములు కలవు. ఆ కారణముల నెఱుగక మృతుని మహాత్ముడనియో, రాక్షసుడనియో తీర్మానించుట చదువరులకు మేలు చేయదు.

హవానాలో తొమ్మిది దినములు సంతాపదినములుగా ప్రకటింపబడెను. మద్యవిక్రయమును నిలిపివేసిరి. సంగీతకచేరీలు రద్దయ్యెను. క్యూబావారికి ప్రాణప్రదమైన బేసుబాలు పందెములను సైతము ఆపిరి. విప్లవచతుష్కమను పెద్ద మైదానమున, జోసే మార్తీ స్మారకభవనమునకు జనులు గంటల తరబడి వరుసలలో నిలిచి ప్రవేశించిరి. అచ్చట వారికి దర్శనమిచ్చినది భస్మపాత్ర కాదు. భుజమున తుపాకి దాల్చిన యౌవనకాలపు క్యాస్ట్రో ఛాయాచిత్రము. అటుపిమ్మట భస్మమును చిన్న కొయ్యపెట్టెలో నుంచి, అద్దపుమూతతో కప్పి, సైనికుల జీపుబండికి తగిలించి, హవానా నుండి తూర్పుకొననున్న సాంతియాగో నగరమువరకు దాదాపు వేయి కిలోమీటర్లు ఊరేగించిరి. 1959 జనవరిలో విజేతయై క్యాస్ట్రో ఏ మార్గమున రాజధానికి వచ్చెనో ఆ మార్గముననే ఆతని భస్మము వెనుకకు మరలెను. దారిపొడవున పల్లెలవారు, బడిపిల్లలు, కర్మాగారముల కూలీలు బారులు తీరి “నేనే ఫిడెలును” అని కేకలు వేసిరి. సాంతియాగోలో ఆ జీపుబండి మొరాయించగా సైనికులు చేతులతో త్రోయవలసివచ్చెను. చూచినవారికి అది క్యూబా దేశపు ఆర్థికస్థితికి వ్యాఖ్యానమువలె తోచినదన్న తోచవచ్చును.

ఈ జనసమూహము స్వచ్ఛందముగా వచ్చినదా, తరలింపబడినదా యను ప్రశ్న మయామీవారు వేసిరి. అది న్యాయమైన ప్రశ్నయే. ఉద్యోగములలో అధికభాగము ప్రభుత్వము చేతిలో నున్న దేశమున, ప్రతి వీధికిని విప్లవరక్షణ సంఘమొకటి కాపున్న దేశమున, వరుసలో నిలువని వానికంటె నిలిచినవానికి రేపటి దినము కొంత సుఖముగా నుండుననుట స్పష్టము. విప్లవమునకు కట్టుబడి యుందుమని దేశమంతట పుస్తకములు తెఱచి సంతకములు చేయించిరి. సంతకము చేయనివాని పేరు చేసినవారి పేర్ల నడుమ లేకుండుటయే ఒక సాక్ష్యము. అయినను ఆ వరుసలలోని ముదుసలుల ముఖములను చిత్రములలో చూచిన వారెవరును ఆ దుఃఖమంతయు నటనయని చెప్పజాలరు. భయము మనుష్యుని వీధిలో నిలుపగలదు. కాని నల్లజాతి వృద్ధస్త్రీ యొకతె ఆతని వలననే తన బిడ్డ వైద్యుడయ్యెనని చెప్పి యేడ్చినచో ఆ కన్నీటికి పోలీసు ఆజ్ఞ కారణము కాజాలదు.

ఇచట పూర్వరంగము కొంత చెప్పక తప్పదు. 1898 లో స్పెయిను పాలన తొలగినపిమ్మట క్యూబాకు లభించినది పేరునకు స్వాతంత్ర్యము. ప్లాట్ సవరణమను షరతు ననుసరించి, ఆ దేశపు వ్యవహారములలో చేయి జొనుపు హక్కు 1934 వరకు అమెరికాకు కలదు. చెఱకు భూములలో శ్రేష్ఠమైనవియు, చక్కెర మిల్లులలో పెద్దవియు, విద్యుచ్ఛక్తి, టెలిఫోను కంపెనీలును అమెరికా ధనవంతులవి. చెఱకు నఱకు నాలుగైదు మాసములు తప్ప తక్కిన కాలమున లక్షలకొలది కూలీలకు పనిలేదు. ఆ కాలమును వారు “మృతకాలము” అనియే పిలిచెడివారు. 1952 మార్చి 10 వ తేదిని ఫుల్గెన్‌సియో బాటిస్టా సేనాబలముతో అధికారమపహరించి, జరుగనున్న యెన్నికలను రద్దుగావించెను. ఆ యెన్నికలలో శాసనసభకు అభ్యర్థిగా నిలువదలచిన యువన్యాయవాది ఫిడెల్ క్యాస్ట్రో. ఓటు పెట్టె మూయబడినపిమ్మట ఆతడు తుపాకి పట్టెను. 1953 జులై 26 న సాంతియాగోలోని మొంకాదా సైనికస్థావరముపై దాడి విఫలమయ్యెను. పట్టుబడినవారిలో పెక్కుమందిని సైనికులు చిత్రవధ చేసి చంపిరి. క్యాస్ట్రోకు పదునైదేండ్ల శిక్ష పడెను. 1956 డిసెంబరులో 82 మందితో చిన్న నావపై వచ్చి మరల దేశమున దిగి, సియెర్రా మాయిస్త్రా కొండలలో దాగి పోరాడి, 1959 జనవరి 1 న బాటిస్టా పలాయనమునకు కారకుడయ్యెను. ఆ దినమున హవానాలో వేడుక చేసికొనని యిల్లు అరుదు. నేడు మయామీలో గిన్నెలు వాయించినవారి తండ్రులలో పెక్కుమంది నాడు హవానా వీధులలో క్యాస్ట్రోకు జయము పలికినవారే. ఈ సంగతిని మఱచిన వారికి మయామీ కోపము బోధపడదు. అది శత్రువుపై కోపము కాదు. నమ్మి మోసపోయినవాని కోపము.

మన పాఠకులలో భూవసతి గలవారు పెక్కురు గనుక భూసంస్కరణ విషయము కొంత విపులముగా వ్రాయుట యుచితము. 1959 మే 17 వ తేదిని క్యాస్ట్రో ప్రభుత్వము చేసిన మొదటి చట్టము ప్రకారము ఒక్కొక్కరు ఉంచుకొనదగిన భూమికి పరిమితి 30 కబయ్యేరియాలు, అనగా సుమారు 1,000 యకరములు. ఎక్కువ దిగుబడి నిచ్చు చెఱకు, వరి కమతములకు పరిమితి ఇంకను హెచ్చు. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1973 లో చేసిన భూపరిమితి చట్టము అయిదుగురు గల కుటుంబమునకు విడిచినది మాగాణియైనచో 10 మొదలు 27 యకరములు, మెట్టయైనచో 35 మొదలు 54 యకరములు. కాంగ్రెసువారు చేసిన మన చట్టముతో పోల్చిచూచినచో, లోకమంతయు భయపడిన ఆ విప్లవకారుని మొదటి చట్టము భూస్వాముల యెడ ఎంతో యుదారమైనదిగా కనబడును. ఆతని తండ్రి సంపాదించిన బిరాన్ గ్రామపు ఎస్టేటునకును ఆ చట్టము వర్తించెను. తన వారిని తప్పించెనను నింద ఆతనికి రాలేదు.

మఱి కోపమెందులకు? పరిహారమును ఇరువదియేండ్ల ఋణపత్రములలో, నాలుగున్నర శాతము వడ్డీతో నిత్తుమనిరి. విలువను శిస్తు లెక్కలలో నమోదైన దానిని బట్టి కట్టిరి. శిస్తు తగ్గుటకై దశాబ్దములుగా తమ భూముల విలువను తక్కువగా వ్రాయించుకొనిన కామందులు, అమెరికా కంపెనీలు, తాము వ్రాయించిన ధరకే తమ భూమి పోవుట చూచి గగ్గోలుపెట్టిరి. ఈ ఘట్టమున మాకు వారియెడ జాలి కలుగుట లేదు. కాని కథ యచ్చట నాగలేదు. 1960 వ సంవత్సరమున అమెరికావారి మిల్లులు, బ్యాంకులు, కంపెనీలన్నియు స్వాధీనమయ్యెను. వారికి పరిహారము ముట్టనే లేదు. అమెరికా ప్రభుత్వమువారి సంఘము విచారించి ధ్రువపఱచిన అట్టి కోర్కెల సంఖ్య 5,913. ఆ యేటి అక్టోబరులో పట్టణములందలి అద్దె యిండ్లు యజమానుల చేతినుండి తొలగెను. 1963 అక్టోబరులో రెండవ భూచట్టము వచ్చి, పరిమితి 5 కబయ్యేరియాలకు, అనగా సుమారు 165 యకరములకు, దిగెను.

అన్నిటికంటె ముఖ్యమైన సంగతి యేమనగా, ఆ భూమిలో అధికభాగము రైతుకు చేరలేదు. కౌలుదార్లకు, చిన్న రైతులకు కొంత పట్టాయైనమాట నిజము. వారు చాల సంతోషించినమాటయు నిజము. కాని పెద్ద క్షేత్రములు ప్రభుత్వక్షేత్రములుగా మారెను. నిన్న కంపెనీకి కూలి చేసినవాడు నేడు సర్కారునకు కూలి చేసెను. దున్నువానికి భూమి యను నినాదము, దున్నువానికి జీతము అను స్థితికి దిగజారెను. 1970 లో కోటి టన్నుల చక్కెర తీయుదుమని శపథము పట్టి, దేశములోని తక్కిన పనులన్నిటిని మాని, ఎనుబదియైదు లక్షల టన్నుల వద్ద నిలిచిపోయిరి. క్యాస్ట్రోయే సభాముఖమున ఆ వైఫల్యము నొప్పుకొనెను. కాలక్రమమున సారవంతములైన క్షేత్రములు తుమ్మలు మొలచి బీడుపడగా, 2008 లో రావుల్ క్యాస్ట్రో ఆ బీళ్ళను వ్యక్తులకు అనుభవహక్కుపై పంచిపెట్ట నారంభించెను. చక్కెరకు పేరొందిన ఆ ద్వీపము తన తిండిలో అధికభాగమును విదేశములనుండి కొనితెచ్చుకొను స్థితికి వచ్చెను. సొంతదారుడు లేని పొలమునకు పొద్దున లేచి నీరు పెట్టువాడెవడో మన రైతు నడిగినచో చెప్పగలడు. హవానాలోని పండితులకు దాని నెఱుగుటకు అర్ధశతాబ్దము పట్టెను.

ఇక మయామీ విషయము. అచ్చట చేరిన క్యూబావారందఱును భూస్వాములనియు, మిల్లు యజమానులనియు వ్రాయుట మన వామపక్షపత్రికల కలవాటు. మొదట వచ్చినవారిలో అట్టివారు కలరు. కాని 1960 డిసెంబరు మొదలు 1962 అక్టోబరు లోపల తలిదండ్రులు లేకుండ ఒంటరిగా విమానమెక్కించి పంపబడిన బాలబాలికలు 14,000 మందికి పైబడిరి. ప్రభుత్వము బిడ్డలను తలిదండ్రులనుండి లాగికొనునను వదంతికి వెఱచి తల్లులే వారిని పంపివేసిరి. కొందఱు మరల తల్లి ముఖము చూచుట కేండ్లు పట్టెను. కొందఱు చూడనే లేదు. 1980 లో మారియెల్ రేవునుండి 1,25,000 మంది వెడలిపోయిరి. అట్లు పోదలచినవారి యిండ్లముందు గుంపులు చేరి, గ్రుడ్లు విసరి, దేశద్రోహులని దూషించిరి. 1994 లో దాదాపు 35,000 మంది లారీ ట్యూబులను, చెక్కలను కట్టి తెప్పలుగా చేసికొని సముద్రమున దిగిరి. అందెందఱు సొరచేపల పాలైరో లెక్క లేదు. ఆ యేటి జులైలో పాఱిపోవుచున్న యొక నావను క్యూబా ప్రభుత్వపు నావలే ఢీకొని ముంచగా సుమారు నలుబది మంది జలసమాధియైరి. వారిలో పసిబిడ్డలును కలరు. తెప్పపై వచ్చినవాడు ఏ మిల్లునకు యజమాని?

తెలుగువారి కీ యనుభవము బొత్తిగా క్రొత్తది కాదు. 1962 లో నే విన్ సేనాని బర్మాలో అధికారము నాక్రమించి, అంగళ్ళను, మిల్లులను జాతీయము చేయగా, తరతరములుగా రంగూనులో నిలిచిన మనవారు కట్టుబట్టలతో నావలెక్కి విశాఖపట్టణమునకు వచ్చిరి. కంచరపాలెమున బర్మాక్యాంపు అనుపేరు నేటికిని వారిని స్మరింపజేయుచున్నది. వారి ముందు నిలిచి, అంగళ్ళు పోయినను జాతి బాగుపడినది గదా యని ఉపన్యసించువాడు ఏమి వినవలసి వచ్చునో మేము చెప్పనక్కఱలేదు.

అయినను చావునకు పండుగ చేసికొనుట తగునా? మన సంప్రదాయము తగదనును. రావణుడు కూలినపిమ్మట ఆతనికి అంత్యక్రియలు చేయుటకు విభీషణుడు వెనుదీయగా, మరణముతో వైరము ముగిసినదని రాముడే ఆతనికి నచ్చజెప్పెను. ఆ వారము మన పండితులలో కొందఱు ఈ ఘట్టమును స్మరించి మయామీవారిని మందలించిరేని అందాశ్చర్యము లేదు. కాని ఒక్క భేదమును గమనింపవలయును. రాముడు గెలిచినవాడు, ఆతని భార్య ఆతనికి దక్కెను, ఆతని రాజ్యము ఆతని కొఱకు వేచియున్నది. గెలిచినవానికి క్షమ సులభము. మయామీవారి శత్రువు తన పడకపై, తన దేశమున, తొంబదియేండ్ల వయస్సున, తన తమ్ముని చేత అధికారముండగా మరణించెను. వారి యిల్లు వారికి రాలేదు. వారి మృతులు లేచిరాలేదు. అర్ధశతాబ్దికి పైగా వారు చేసిన ప్రయత్నములన్నిటిని ఆతడు భంగపఱచెను. తుదకు వార్ధక్యమొక్కటియే ఆతనిని జయించినది. ఆ గిన్నెల చప్పుడులో విజయోత్సాహముకంటె నిస్సహాయత యెక్కువ. దానిని మేము మెచ్చజాలము. నిందించుటకును మాకు నోరాడుట లేదు.

లోకనాయకుల మాటలు వారి వారి యవసరముల ననుసరించి యుండెను. నాటి అమెరికా అధ్యక్షుడు ఒబామా, ఆ యేటి మార్చిలోనే హవానాకు పోయివచ్చినవాడు గనుక, తీర్పును చరిత్రకు వదలివేసి తప్పించుకొనెను. అధ్యక్షపదవికి ఎన్నికై యింకను ప్రమాణము చేయని ట్రంపు, మృతుని క్రూరనియంతగా వర్ణించెను. కెనడా ప్రధాని ట్రూడో తన తండ్రికి మిత్రుడైన క్యాస్ట్రోను మిక్కిలి ప్రశంసింపగా, స్వదేశముననే పరిహాసమునకు పాత్రుడై, అంత్యక్రియలకు తాను పోక గవర్నరు జనరలును పంపెను. భారతప్రధాని నరేంద్ర మోదీ క్యాస్ట్రోను ఇరువదవ శతాబ్దపు ప్రముఖవ్యక్తులలో నొకనిగాను, భారతదేశమునకు గొప్ప మిత్రునిగాను పేర్కొనెను. హోంమంత్రి రాజనాథ్ సింగు నాయకత్వమున అఖిలపక్ష బృందము హవానాకు పోయెను. అందు మన తెలుగువాడు, మార్క్సిస్టు పార్టీ కార్యదర్శి సీతారాం ఏచూరియు నుండెను. కాషాయమును ఎఱుపును ఒకే విమానమెక్కించిన మృతుడు సామాన్యుడు కాడు.

దీనికి కారణము సిద్ధాంతము కాదు, జ్ఞాపకము. 1960 లో ఐక్యరాజ్యసమితి సమావేశమునకు న్యూయార్కు వచ్చిన క్యాస్ట్రో, నగరమధ్యమున బస విషయమై చిక్కులు కలుగగా, నల్లజాతివారి వాడయగు హార్లెములోని థెరెసా హోటలులో దిగెను. అచ్చటికి పోయి ఆతనిని చూచినవారిలో జవహర్లాల్ నెహ్రూ ఒకడు. ముప్పదినాలుగేండ్ల యువకుని వద్దకు ఆ వృద్ధనాయకుడు నడచివచ్చుటను క్యాస్ట్రో కడవరకు మఱువలేదు. 1983 మార్చిలో ఢిల్లీ విజ్ఞానభవనమున అలీనోద్యమ అధ్యక్షపదవిని ఇందిరాగాంధి కప్పగించుచు, ఆమె చేయి చాపి నిలువగా, నిండుసభలో గాఢముగా కౌగిలించుకొనెను. ఆమె తత్తరపాటు ఛాయాచిత్రములలో స్థిరపడిపోయెను. సోవియట్ రాజ్యము కూలి క్యూబా ఆకలితో నలుగుచున్న 1992 లో, హరికిషన్ సింగ్ సుర్జీత్ పూనికపై మన దేశపు కమ్యూనిస్టులు 10,000 టన్నుల గోధుమలు సేకరించి నావలో పంపిరి, పి.వి. నరసింహారావు ప్రధానిగా నున్న ప్రభుత్వమును అంతే గోధుమ నిచ్చెను. స్వదేశమున సర్కారు పెత్తనమును సడలించుచున్న ప్రధాని, సర్కారు పెత్తనమునకు పెట్టనికోటయైన దేశమునకు తిండి పంపుట చూచి నాడు నవ్వినవారు కలరు. మేము నవ్వము. ఆకలిగొన్నవాని సిద్ధాంత మేదియని యడిగి అన్నము పెట్టు ఆచారము ఈ దేశమున లేదు.

ఆఫ్రికాలో దుఃఖము మనకంటె గాఢమైనది. 1975 మొదలు 1991 వరకు క్యూబా సైనికులు అంగోలా దేశమున పోరాడిరి. 1987-88 లో క్వీటో క్వానవాలె యొద్ద దక్షిణాఫ్రికా తెల్లదొరల సేనల నడ్డగించిరి. ఆ యుద్ధములలో మరణించిన క్యూబావారు రెండువేలకు పైబడిరి. నమీబియా స్వాతంత్ర్యమునకును, దక్షిణాఫ్రికాలో వర్ణద్వేషపాలన సడలుటకును ఆ పోరాటము దారితీసినదని నెల్సన్ మండేలాయే చెప్పి, చెఱసాలనుండి విడుదలయైన మఱుసటి యేటనే, 1991 లో, క్యూబాకు పోయి కృతజ్ఞత తెలిపెను. అగ్రరాజ్యములు ప్రిటోరియాతో వర్తకము నెఱపుచున్న దినములలో, కోటిమంది జనము గల చక్కెరదీవి తన బిడ్డలను అట్లాంటికు మహాసముద్రము దాటించి పంపెను. నవంబరు 29 వ తేది సాయంకాలము హవానా మైదానమున ఆఫ్రికా నాయకులు మాటలాడినపుడు వారి కంఠములలో వినబడినది కేవలము దౌత్యమర్యాద కాదు.

చదువు, వైద్యము విషయమై ఆతని శత్రువులును కొంత మెట్టు దిగుదురు. 1961 లో సుమారు లక్షమంది విద్యార్థులు లాంతరులు చేబూని కొండలకును పల్లెలకును పోయి, ఒక్క సంవత్సరములో ఏడులక్షలమందికి అక్షరములు నేర్పిరి. 2016 నాటికి క్యూబాలో పుట్టిన వేయిమంది శిశువులలో ఏడాది నిండకముందే మరణించువారు నలుగురైదుగురు మాత్రమే. 2014 లో ఎబోలా మహమ్మారి పశ్చిమాఫ్రికాను కబళించుచుండగా, సంపన్నదేశములు సంకోచించిన దినములలో క్యూబా వైద్యులు వందలసంఖ్యలో అచ్చటికి పోయిరి. మన మన్యములలో ప్రసవవేదనతో డోలీలలో మోయబడు స్త్రీలను తలచుకొనిన తెలుగువాడు ఈ సంగతిని తేలికగా త్రోసివేయడు.

కాని పత్రికావృత్తిలో నున్నవారము గనుక మాకు మఱియొక లెక్క కలదు. ఆతడు ప్రతివానికిని చదువ నేర్పెను. పిమ్మట ప్రతివాడు ఏమి చదువవలెనో తానే నిర్ణయించెను. 1960 మే మాసమున శతాబ్దమునకు పైబడిన “దియారియో దె లా మరీనా” మూతపడెను. అది ధనికుల పత్రిక, ఒకప్పుడు స్పెయినుదొరలకు వంత పాడిన పత్రిక. దానికై ఏడ్చువారు తక్కువ. కాని “బొహీమియా” మాట యేమి? క్యాస్ట్రో కొండలలో దాగియున్న 1957 లో ఆతని ప్రకటనను సాహసించి ప్రచురించిన పత్రిక యది. దాని యధిపతి 1960 లో ప్రాణము లరచేత బట్టుకొని దేశము విడిచిపోయెను. 1965 నాటికి దేశమునకు పార్టీ పత్రికయే ప్రధానమై మిగిలెను. 1971 లో ఎబెర్తో పాదిల్యా యను కవిని నిర్బంధించి, తోడి రచయితల సభలో తన్నుతాను నిందించుకొనునట్లు చేసిరి. అంతవరకు క్యాస్ట్రోను కొనియాడిన ఐరోపా రచయితలు పెక్కురు ఆనాడు దూరమైరి. 2003 లో ఒక్కమారుగా 75 మందిని చెఱపట్టి దీర్ఘశిక్షలు విధించిరి. వారిలో స్వతంత్ర విలేఖరులు పలువురు కలరు. ఆంగ్లేయుల ప్రెస్ యాక్టు క్రింద జామీనులు పోగొట్టుకొనిన పత్రికల వారసులము మేము. స్వదేశప్రభుత్వము చేసినచో అదే పని దేశసేవ యగునని మేము నమ్మజాలము.

మఱియొక పోలికను చెప్పి ఈ విషయము విడిచెదము. నియంతయగు బాటిస్టా, తన సేనపై తుపాకి పేల్చిన క్యాస్ట్రోను 1955 లో, రెండేండ్లు నిండకముందే, క్షమించి విడిచెను. చెఱలో ఆతనికి పుస్తకములు చదువుకొనుటకు వీలుకలిగెను. కొండలలో క్యాస్ట్రోతో కలిసి పోరాడిన సేనానాయకుడు ఊబెర్ మాతోస్, కమ్యూనిస్టుల ప్రాబల్యము నచ్చక 1959 అక్టోబరులో రాజీనామా పత్రము పంపినందుకు ఇరువదియేండ్ల శిక్ష పొంది, ఆ యిరువదియేండ్లును సంపూర్ణముగా అనుభవించి, 1979 లో బయటపడెను. తుపాకికి రెండేండ్లు, రాజీనామా పత్రమున కిరువది యేండ్లు. మాతోస్ 2014 లో మయామీలో మరణించెను. మఱి రెండేండ్లు బ్రతికియున్నచో ఆ రాత్రి వీధిలోనికి వచ్చెడివాడో లేదో!

క్యాస్ట్రో కాఠిన్యమునకు అమెరికా యిచ్చిన సాకు లనేకములు. 1961 ఏప్రిలులో పందుల అఖాతమున కిరాయి సైన్యమును దింపినది. 1960 మొదలు 1965 లోపల ఆతనిని చంపుటకు కనీసము ఎనిమిది కుట్రలు జరిగినట్లు 1975 లో అమెరికా సెనేటు విచారణసంఘమే తేల్చెను. 1976 అక్టోబరులో క్యూబా విమానమును బాంబుతో పేల్చి 73 మందిని చంపినవారిలో మయామీ రాజకీయములకు సన్నిహితులైనవారు కలరు. వర్తకనిర్బంధము అర్ధశతాబ్దము దాటినను తొలగలేదు. 2016 అక్టోబరులో ఐక్యరాజ్యసమితిలో దానిని ఖండించు తీర్మానమునకు 191 దేశములు అనుకూలముగా చేయెత్తగా, అమెరికాయే తొలిసారి తటస్థముగా నూరకుండెను. ముట్టడిలో నున్న కోటలో సభాస్వాతంత్ర్యము వర్ధిల్లదనుట నిజమే. అయినను 1962 అక్టోబరు 26 వ తేది రాత్రి క్రుశ్చేవునకు ఆతడు వ్రాయించిన జాబును ఏ ముట్టడియు సమర్థింపజాలదు. అమెరికా క్యూబాపై దండెత్తి వచ్చినచో, ఆలస్యము చేయక సోవియట్లే ముందుగా అణ్వస్త్రములు ప్రయోగింపవలెనని అందలి సారాంశము. తన దేశము భస్మమగునని యెఱిగియే వ్రాసిన జాబది. ఆ జాబు చదివి క్రుశ్చేవు వణకెను. ఒక్కని స్వాభిమానమునకు కోట్లమంది ప్రాణములను పణముగా నొడ్డుటకు ఏ విప్లవమును, ఏ దేశభక్తియు అధికారమీయవు; మా దృష్టిలో ఆతని దోషములలో నిదియే మిక్కిలి గొప్పది. ఆశ్చర్యమేమనగా సంతాపప్రకటనలలోను, దూషణలలోను గూడ ఈ జాబు ప్రసక్తి యంతగా కానరాలేదు. ఇంటిని పోగొట్టుకొనినవానికి ఇల్లే జ్ఞాపకముండును. చదువు పొందినవానికి చదువే జ్ఞాపకముండును. జరుగక తప్పిపోయిన ప్రళయమును జ్ఞాపకముంచుకొనువారు తక్కువ.

2016 డిసెంబరు 4 వ తేది ఉదయమున సాంతియాగోలోని సాంతా ఇఫిహేనియా శ్మశానవాటికలో, క్యూబా జాతీయకవియగు జోసే మార్తీ సమాధి చెంత, మొక్కజొన్నగింజ ఆకారము గల పెద్దబండలో భస్మమును నిక్షేపించిరి. దానిపై “ఫిడెల్” అను పేరు తప్ప మఱేమియు లేదు. తన పేర విగ్రహములు నిలుపరాదని, వీధులకు పేరు పెట్టరాదని ఆతడు కోరెననిరి. ఆ డిసెంబరు 27 న శాసనసభ దానిని చట్టముగా చేసెను. శిలావిగ్రహము లేకున్నను గోడలపైని చిత్రములకును నినాదములకును లోటు రాలేదు. పదునాఱు దినముల పిమ్మట, 2017 జనవరి 12 వ తేదిని, అమెరికా నేలపై కాలు మోపిన క్యూబావానిని వెనుకకు పంపని రెండు దశాబ్దముల పద్ధతిని ఒబామా రద్దుచేసెను. మయామీలో గిన్నెలు మ్రోగిన ఏడువారములకే మయామీకి దారి ఇఱుకయ్యెను.

2021 జులై 11 న, తిండియు మందులును కరవై, విద్యుచ్ఛక్తి గంటలతరబడి నిలిచిపోవుచుండగా, క్యూబా పట్టణములలో వేలకొలది జనులు స్వాతంత్ర్యము కావలెనని కేకలు వేయుచు వీధులకు వచ్చిరి. వందలమంది చెఱసాలల పాలైరి. మఱుసటి ఆర్థికసంవత్సరమున అమెరికా సరిహద్దునకు చేరిన క్యూబావారు రెండులక్షలు దాటిరి. మారియెల్ నాటి వలసకంటె నిది పెద్దది. వారిలో యువకులు మెండు. అయిదారేండ్ల క్రిందట బడిదుస్తులతో దారిప్రక్కన నిలిచి, ఆ చిన్న కొయ్యపెట్టె తమ ముందుగా సాగిపోవుచుండగా “నేనే ఫిడెలును” అని కేకవేసిన బాలురు వారిలో ఎందఱో లెక్కించినవారు లేరు.